దోహా ఇంగ్లిష్ పుట్టుపూర్వోత్తరాలు

దోహాలో నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఉత్తరమైనా, డ్రాయింగైనా, మీటింగు మినిట్సైనా సైటు ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితం నా రిజిస్టరులో నంబరు పడ్డాకే ముందుకు కదులుతుంది. రాసేవాళ్లలో కేరళవాళ్లు, ఫిలిప్పినోలు, ఈజిప్టువాళ్లు, లెబనాన్ ఇంజనీర్లు, స్కాట్లండ్ నుంచి వచ్చిన క్లెయిమ్స్ మేనేజరు ఉన్నారు. అందరూ రాసేది ఇంగ్లిష్‌లోనే. ఖతార్ రాజ్యాంగం మొదటి అధికరణంలోనే అధికార భాష అరబిక్ అని ఉంది. అయినా ఇంగ్లిష్ కాగితం లేకుండా సైటులోకి సిమెంటు బస్తా కూడా రాదు.

కొత్తగా వచ్చిన మన పిల్లలు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "అక్కా, ఇంగ్లిష్ ఇడియమ్స్‌కు మంచి పుస్తకం ఏదన్నా చెప్పు." అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని వచ్చినవాళ్లకు పుస్తకాల్లోని నుడికారాలు వందల కొద్దీ వచ్చు. ఇక్కడ వాళ్లకు అడ్డుపడేవి ఆ పుస్తకాల్లో ఉండవు. దోహాలో మాట్లాడే ఇంగ్లిష్ ఒకే దేశం నుంచి వచ్చింది కాదు. బొంబాయి గుమాస్తాలు కొంత తెచ్చారు, బ్రిటిష్ చమురు ఇంజనీర్లు కొంత, అమెరికన్ గ్యాస్ కంపెనీలు కొంత, మన ఊళ్ల ఏజెంట్లు కొంత. ఒకే మాటకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. ఏ మాట ఎవరితో వచ్చిందో తెలిస్తే తప్ప దాన్ని సరిగ్గా వాడటం కుదరదని ఇన్నేళ్ల కాగితాలు నాకు నేర్పాయి.

అన్నిటికన్నా పాత పొర బొంబాయిది. 1868 సెప్టెంబరు 12న దోహా పెద్ద షేక్ మొహమ్మద్ బిన్ థానీతో ఒప్పందం రాయించుకున్న లూయిస్ పెల్లీ, ఇరాన్ తీరాన బుషైర్‌లో ఉండే బ్రిటిష్ రెసిడెంటు. ఆ రెసిడెన్సీ లండన్ కన్నా ముందు జవాబు చెప్పుకోవలసింది మన దేశంలోని బ్రిటిష్ ప్రభుత్వానికే. 1916 నవంబరు 3న ఖతార్ పాలకుడు షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్‌తో సంతకాలు చేసిన పెర్సీ కాక్స్ కూడా ఇండియన్ పొలిటికల్ డిపార్ట్‌మెంటు మనిషే. గల్ఫ్ మీద మొదటి పెద్ద గెజెటీరు రాసిన లోరిమర్ ఐసీఎస్ అధికారి, 1908, 1915ల్లో అది అచ్చయింది కలకత్తాలో. 1947 దాకా ఈ తీరం మీది బ్రిటిష్ దస్త్రాలు మన దేశపు కచేరీల పద్ధతిలోనే నడిచాయి.

ఆ దస్త్రాలను ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. ఖతార్ నేషనల్ లైబ్రరీ, బ్రిటిష్ లైబ్రరీ కలిసి 2014లో ఖతార్ డిజిటల్ లైబ్రరీని తెరిచాయి. బుషైర్, బహ్రెయిన్ కచేరీల కాగితాలు లక్షల పుటలు అందులో ఉన్నాయి. నేను సెలవురోజుల్లో వాటిని తిరగేస్తుంటాను. నాకు బాగా నచ్చినది 'ఎక్స్‌ప్రెస్ లెటర్' అనే అచ్చు ఫారం. టెలిగ్రాం ఖరీదు ఎక్కువ, మామూలు ఉత్తరానికి తీరిక ఎక్కువ. అందుకని టెలిగ్రాం లాగా ముక్తసరిగా రాసి టపాలో పంపేవారు. అందుకున్నవాడు దాన్ని తంతి వచ్చినంత తొందరగా చూడాలని ఆ ఫారం తలకట్టులోనే అచ్చువేసి ఉంటుంది. మర్యాద మాటలన్నీ కోసేసి సంగతి మాత్రమే మిగిల్చిన ఆ వాక్యాలు, ఇవాళ మా ఆఫీసులో తిరిగే ఈమెయిళ్లకు తాతముత్తాతలు. ఆ కాలపు ఉత్తరాల్లో తేదీ పక్కన 'అల్టిమో' అని కనిపిస్తే అది గత నెల, 'ఇన్‌స్టంట్' అని ఉంటే ఈ నెల. ఆ రెండూ పోయాయి. 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' మాత్రం పోలేదు.

మన ఇంగ్లిష్‌ను వెక్కిరించాలనుకునేవాళ్లు ముందుగా పట్టుకునేది ఈ మాటనే. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండులో వ్యాపారులు, వకీళ్లు ఇది ధారాళంగా రాసుకున్నారు. వాళ్లు తర్వాత మానేశారు, మనం మానలేదు. తప్పు ఇంగ్లిష్ అనడానికి నేను ఒప్పుకోను. నా అభ్యంతరం వేరు. చేయవలసిందేమిటో అవతలివాడికి ముందే తెలిసిన కచేరీలో ఆ మాట చెల్లింది. ఏడు దేశాలవాళ్లున్న సైటులో 'చేయవలసింది చేయండి' అంటే ఎవరికి వాళ్లు ఒకటి ఊహించుకుంటారు. అందుకే నా దగ్గరికొచ్చే ముసాయిదాల్లో ఆ మాట కొట్టేసి, ఏం చేయాలో, ఏ తేదీలోగా చేయాలో రాయిస్తాను. 'ప్లీజ్ రివర్ట్' కూడా అంతే. మనకది జవాబివ్వండి అని. బ్రిటిష్ సర్వేయరుకు రివర్ట్ అంటే పాత స్థితికి పోవడం. మార్చిన డ్రాయింగు మీద 'రివర్ట్' అని రాసి పంపితే, పాత డ్రాయింగుకు పొమ్మంటున్నారా అని అతను అడగడంలో న్యాయముంది.

ఆ రాకపోకలు ఇంగ్లిష్‌తోనే ఆగలేదు. గల్ఫ్ అరబిక్‌లో పాతతరంవాళ్లు గుమాస్తాను 'కర్రానీ' అంటారు. అది మన దేశపు కిరానీ. తిన్నగా వెళ్లమనడానికి 'సీదా', ఫ్యానుకు 'బంకా', డబ్బుకు 'బేజాత్', అంటే మన పైసలు. కూలీల మేస్త్రీకి 'తిందేల్' అనే మాట ఉండేది. శ్రీకాకుళం మత్స్యకారుల మీద వచ్చిన 'తండేల్' సినిమా చూసినవాళ్లకు ఆ మాట కొత్తగా ఉండదు. పడవలో సరంగు కింద పనివాళ్లను నడిపించేవాడు చమురు బావి దగ్గర మేస్త్రీ అయ్యాడు. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించేదాకా ఖతార్‌లో చెల్లిన నాణెం కూడా రూపాయే. గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకు 1959 నుంచి వేరుగా నోట్లు అచ్చు వేసేది.

రెండో పొర చమురుతో వచ్చింది. 1935 మే 17న ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీకి ఇక్కడ తవ్వే హక్కు దొరికింది. 1938లో దుఖాన్‌లో మొదటి బావి మొదలుపెట్టారు. చమురు పడింది కానీ యుద్ధం వచ్చి 1942లో బావులు మూసేశారు. మొదటి ఎగుమతి ఓడ కదిలింది 1949 డిసెంబరు 31న. ఆ తర్వాత పాతికేళ్లు ఇంజనీరింగు మాటలన్నీ బ్రిటిష్‌వే. మూడో పొర గ్యాస్‌ది. సముద్రంలో నార్త్ ఫీల్డ్ 1971లో బయటపడింది, 1984లో ఖతార్‌గ్యాస్ పుట్టింది. మోబిల్ వంటి అమెరికన్ కంపెనీలు భాగస్వాములయ్యాయి. 1996 చివర్లో జపాన్‌కు మొదటి ఎల్‌ఎన్‌జీ ఓడ బయలుదేరింది. రాస్ లఫాన్‌లో వెలసిన ప్లాంట్ల కాగితాల్లో అమెరికా నుడి నిండింది.

ఈ రెండింటి తేడా ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక సంగతి. రాస్ లఫాన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన జగిత్యాల పైపు ఫిట్టరు ఒకాయన లుసైల్‌లో మా టవరు పనికి వచ్చాడు. ఫోర్‌మన్ పొద్దున్నే ఒక కాగితం ఇచ్చి, ఎనిమిదో అంతస్తులో స్నాగ్‌లన్నీ క్లోజ్ చేయమన్నాడు. ఆయన కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "మేడం, స్నాగ్ అంటే ఏంది? ఆడ మేం పంచ్ అనేటోళ్లం. ఇది అదేనా, వేరేనా?" అదే. పని అయిపోయిందనుకున్నాక మిగిలిపోయిన లోపాల జాబితాను బ్రిటిష్ వాళ్లు స్నాగ్ లిస్టు అంటారు, అమెరికన్లు పంచ్ లిస్టు అంటారు. రాస్ లఫాన్‌లో పంచ్‌ను ఏ, బీ, సీ అని విడగొడతారు. ఏ అంటే అది సరిచేయకుండా ప్లాంటు నడపకూడదు. మా కాగితంలో ఆ అక్షరాలు లేవు. ఏది ముందు చేయాలో ఆయనకు అర్థం కాకపోవడానికి కారణం అదీ. అడిగి తెలుసుకున్నాడు, మంచిపని చేశాడు. అడగడానికి మొహమాటపడి, ఉన్న లోపాలకు ఫొటోలు తీసి ఊరుకున్నవాళ్లను చూశాను. అదే కాగితంలో 'మేక్ గుడ్' అని ఉంటుంది. మంచిగా చేయమని అర్థం కాదు. పైపు కోసం గోడ పగలగొడితే, ఆ గోడను మునుపు ఉన్నట్టు పూడ్చి, పూసి, రంగు వేసి అప్పగించాలని.

మీటింగుల్లో మరింత ఇబ్బంది పెట్టే మాట 'టేబుల్'. ఒక విషయాన్ని టేబుల్ చేశారంటే బ్రిటిష్ లెక్కలో చర్చకు పెట్టారు. అమెరికన్ లెక్కలో పక్కన పెట్టారు. అచ్చంగా ఒకదానికొకటి వ్యతిరేకం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్, అమెరికన్ సేనాధిపతులు ఈ మాట దగ్గరే చాలాసేపు వాదులాడుకున్నారని, చివరికి ఇద్దరూ కోరుకునేది ఒకటేనని తేలిందని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. బ్రిటిష్ కన్సల్టెంటు, అమెరికన్ ప్రాజెక్టు మేనేజరు ఒకే బల్ల చుట్టూ కూర్చునే దోహాలో ఈ మాట మినిట్స్‌లోకి రానివ్వకూడదని నా పట్టు. చర్చించారనో, ఫలానా తేదీకి వాయిదా వేశారనో రాస్తాను.

మనవాళ్లు ఎక్కువగా కలగలిపేసేవి ఓవర్‌లుక్, ఓవర్‌సీ. రెండింటిలోనూ 'పైన' ఉంది, 'చూడటం' ఉంది. ఓవర్‌సీ అంటే పైనుండి పర్యవేక్షించడం. ఓవర్‌లుక్ అంటే చూడకుండా వదిలేయడం. కాంక్రీటు పోసేటప్పుడు ఇంజనీరు పనిని ఓవర్‌లుక్ చేశాడని ఒక రిపోర్టులో రాస్తే, అది అతని మీద ఫిర్యాదు అవుతుంది. రాసినవాడి ఉద్దేశం పొగడటమే అయినా సరే. మరోటి 'బై అండ్ లార్జ్', 'ఎట్ లార్జ్'. మొదటిది ఓడలవాళ్ల మాట. గాలికి ఎదురుగా పోయే తీరును 'బై' అని, గాలి వెనకనుంచి తోసే తీరును 'లార్జ్' అని అనేవారు. రెండు గాలుల్లోనూ నడిచే ఓడ అన్ని విధాలా మంచిది. అలా అది 'మొత్తం మీద' అయింది. ఎట్ లార్జ్ అంటే కట్టుబాటు లేకుండా బయట తిరగడం, తప్పించుకున్న ఖైదీ లాగా. కాంట్రాక్టు ఉత్తరాల్లో 'టైమ్ ఎట్ లార్జ్' అని వస్తుంది. చాలా టైముందని అనుకుంటారు మనవాళ్లు. యజమాని వైపు ఆటంకాల వల్ల ఒప్పందంలోని గడువు తేదీ చెల్లకుండా పోయిందని, ఇక ఆలస్యానికి జరిమానా వేయడం కుదరదని కాంట్రాక్టరు వాదిస్తున్నాడని దాని తాత్పర్యం. కోట్ల రియాల్ వాదన అది.

మాట ఒక్కటి ఎంత దూరం పోగలదో ఖతార్‌కు స్వయంగా తెలుసు. హవార్ దీవులు, జుబారా గురించి బహ్రెయిన్‌తో తరాల నాటి తగాదా ఉండేది. 1990 డిసెంబరులో దోహాలో గల్ఫ్ దేశాధినేతల సమావేశం జరుగుతుండగా, 25వ తేదీన ఖతార్, బహ్రెయిన్, సౌదీ విదేశాంగ మంత్రులు ఒక మినిట్స్ కాగితం మీద సంతకాలు పెట్టారు. సౌదీ రాజు మధ్యవర్తిత్వం ఫలానా గడువులోగా ఫలించకపోతే 'అల్ తరఫాన్' అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లవచ్చని అందులో ఉంది. అరబిక్‌లో ఏకవచనం, బహువచనంతో పాటు ద్వివచనం ఉంది. అల్ తరఫాన్ అంటే రెండు పక్షాలు. గడువు దాటాక 1991 జులై 8న ఖతార్ ఒంటరిగా హేగ్‌లోని ఆ కోర్టు తలుపు తట్టింది. రెండు పక్షాలూ కలిసి వెళ్లాలనే రాసుకున్నామని బహ్రెయిన్ అభ్యంతరం చెప్పింది. మొదటి ముసాయిదాలో 'రెండు పక్షాల్లో ప్రతి ఒక్కటీ' అన్న అర్థం ఉండేదని, తాము పట్టుబట్టి మార్పించామని గుర్తుచేసింది. ఇరుదేశాలు కోర్టుకు ఇచ్చిన ఇంగ్లిష్ అనువాదాలు కూడా వేరువేరుగా ఉన్నాయి. ఒకటి 'పక్షాలు' అంది, రెండోది 'రెండు పక్షాలు' అంది. తెలుగులో రాసినా చిక్కు తీరదు. ఇరుపక్షాలూ కోర్టుకు వెళ్లవచ్చు అంటే కలిసా, విడివిడిగానా? న్యాయమూర్తులు ముందు 1994లో అది వట్టి మీటింగు కాగితం కాదు, దేశాలను కట్టిపడేసే ఒప్పందమేనని తేల్చారు. 1995 ఫిబ్రవరి 15న, పదిమంది ఒకవైపు, ఐదుగురు ఒకవైపు అయి, ఖతార్ ఒంటరిగా రావచ్చన్నారు. అసలు తీర్పు వచ్చేసరికి 2001 మార్చి 16. జుబారా ఖతార్‌కు, హవార్ దీవులు బహ్రెయిన్‌కు దక్కాయి. మినిట్స్ రాసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ కేసు నాకు ఏ పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ. మీటింగు అయిపోయాక టీ తాగుతూ టైపు చేసే కాగితానికి అంత బరువు ఉండగలదు.

ఇక మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల సంగతి. క్యాంపుల్లో, దుకాణాల్లో ముందు నడిచేది ఇంగ్లిష్ కాదు. అరబిక్, హిందీ ముక్కలు కలిపి అల్లుకున్న ఒక పని భాష. దాన్ని గల్ఫ్ పిడ్జిన్ అరబిక్ అంటారు. స్మార్ట్ అనే పరిశోధకుడు 1990లో దాని మీద తొలి వ్యాసం రాశాడు, ఖతార్ యూనివర్సిటీలో పనిచేసిన ముర్తదా బకీర్ 2010లో దాని క్రియల తీరు విడమరిచాడు. 'ఫీ' అంటే ఉంది, 'మాఫీ' అంటే లేదు. ఆ రెండింటితో సగం రోజు గడుస్తుంది. 'ఖల్లీ వల్లీ' అంటే పోతే పోనీ అని. మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు దానికి కొత్త అర్థం కట్టారు. కంపెనీ వదిలి, కాగితాలు లేకుండా బయట పని చేసుకునేవాడు "ఖల్లివెల్లి అయిండు". ఇంగ్లిష్ కాగితంలో అదే మనిషి 'అబ్‌స్కాండింగ్'. ఊళ్లో ఇంటివాళ్లు మొదటి మాట విని అంత పెద్ద విషయం కాదనుకుంటారు. రెండో మాట పోలీసు రికార్డులో ఉంటుంది.

ఎక్కువ ఇళ్లను ముంచిన మాట 'ఫ్రీ వీసా'. దీనికి మూడు అర్థాలు తిరుగుతున్నాయి. సవ్యమైన ప్రకటనలో అయితే వీసా ఖర్చు, టికెట్టు కంపెనీ పెట్టుకుంటుందని. ఊళ్లో ఏజెంటు నోట అయితే, ఎవరో కఫీలు, అంటే స్పాన్సరు, పేరిట వీసా కొనుక్కుని, దిగాక నచ్చిన చోట పని వెతుక్కోవచ్చని. దీన్నే ఆజాద్ వీసా అనీ అంటారు. ఖతార్ చట్టం వీసాలు అమ్మడాన్ని ఒప్పుకోదు. మూడోది 2017 ఆగస్టులో వచ్చిన వెసులుబాటు. అప్పుడు ఖతార్ 80 దేశాలవాళ్లకు వీసా లేకుండా రానిచ్చింది, అందులో మనమూ ఉన్నాం, 30 రోజులకు, చూసి వెళ్లడానికి మాత్రమే. వీసా ఫ్రీ వేరు, ఫ్రీ వీసా వేరు. ఈ మూడింటినీ కలిపి ఏజెంటు ఒకే నోటితో చెబుతాడు. "ఫ్రీ అన్నరక్కా, లక్షా యాభై వేలు గుంజిన్రు" అని ఒక తాపీమేస్త్రీ నాతో అన్నాడు. ఆయనకు ఇంగ్లిష్ రాకపోవడం వల్ల జరిగిన నష్టం కాదది. ఆ ఇంగ్లిష్ మాటను తెలిసి తెలిసి వంకరగా వాడిన మనిషి వల్ల జరిగింది. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు పైసా ఎక్కువ తీసుకున్నా అది నేరమే.

ఇంకో రెండు మాటలు ప్రాణాల మీదికి తెచ్చేవి. పైనుంచి ఏదైనా జారితే 'హెడ్స్ అప్' అని అరిచేవాళ్లున్నారు. జాగ్రత్త అని అర్థం. ఆఫీసు ఈమెయిల్లో అయితే ముందుగా కబురందించడం. మాటను మాటగా విన్నవాడు తల పైకెత్తుతాడు. హెల్మెట్ కాపాడేది నడినెత్తిని, ముఖాన్ని కాదు. మా సేఫ్టీ ఆఫీసరుతో మాట్లాడి, పని మొదలయ్యే ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో ఈ మాట మానిపించాం. తెలుగు గ్యాంగు "జరుగుండ్రి" అని అరుస్తుంది, నేపాలీవాళ్లు, బెంగాలీవాళ్లు వాళ్ల మాట. రెండోది 'నియర్ మిస్'. వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదం. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి రాయక్కర్లేదనుకుంటారు. ఆ ఫారం పెట్టిందే దెబ్బ తగలని సందర్భం కోసం. పోయిన వస్తువులు రాసే ఫారం అనుకుని, పోగొట్టుకున్న చేతితొడుగుల వివరం రాసిచ్చినవాళ్లూ ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. 'వెంట్రుకవాసిలో తప్పింది' అని తెలుగులో ఒక్కసారి చెప్పాక, అదే గ్యాంగు ఆ వారంలోనే పరంజా మీద బిగించకుండా వదిలిన పలక గురించి రాసిచ్చింది.

చివరిగా ఉద్యోగ ఒప్పందం సంగతి. ఖతార్‌లో 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం తొమ్మిదో అధికరణం ప్రకారం ఒప్పందాలన్నీ అరబిక్‌లో ఉండాలి. వేరే భాషలో అనువాదం జతచేయవచ్చు, రెండింటికీ తేడా వస్తే చెల్లేది అరబిక్. అందువల్ల ఇంగ్లిష్ బాగా వచ్చినంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. అరబిక్ చదవగలిగినవాళ్లతో అంకెలైనా పోల్చి చూపించుకోవాలి. 2019 నుంచి హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ ఉంది. ఇక్కడికి పనికొచ్చేవాళ్లు అక్కడే వేలిముద్రలు వేసి, ఒప్పందం చూసుకుని సంతకం చేస్తారు. అది దోహాలో దిగాక చూసుకునే కాగితం కాదు. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ నేను చెప్పేది, 'బేసిక్' అన్న గడిలో ఏ అంకె ఉందో చూడమని. "జీతం పద్దెనిమిది వందలు" అని ఏజెంటు చెప్పిన మాట నిజమే అయి ఉండొచ్చు. 2021 మార్చి 20 నుంచి అమల్లో ఉన్న కనీస వేతనం నెలకు 1000 రియాల్. కంపెనీయే వసతి, భోజనం చూపకపోతే వసతికి 500, భోజనానికి 300 వేరుగా ఇవ్వాలి. మూడూ కలిస్తే 1800. కానీ ఓవర్‌టైమ్ లెక్క కట్టేది బేసిక్ మీద. ఏడాదికి కనీసం మూడు వారాల చొప్పున, వెళ్లిపోయేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. 1000 మీద అయితే ఐదేళ్లకు 3500 రియాల్, 1800 మీద అయితే 6300.